రొయ్యల బండికి మొక్కు దారాలు

గాలి గురించి దెబ్బలాడుకుని తండ్రీ కూతుళ్లు మాటలు మానేసిన ఇల్లు ఈ భూమ్మీద మాది ఒక్కటే అయి ఉంటుంది. పొలం గురించి మానేశారంటే అర్థముంది. పెళ్లి సంబంధం గురించంటే ఇంకా అర్థముంది. గాలి! బండి వెళ్తుంటే ఎదురొచ్చే గాలి గురించి తొంభై ఏళ్ల కిందటివాళ్లు చెప్పింది గొప్పా, నిన్న మొన్నటివాళ్లు చెప్పింది గొప్పా అని. భీమవరంలో ఎవరికైనా చెబితే నవ్విపోతారని నేను పుట్టింటివాళ్లకి కూడా చెప్పలేదు.

నా పేరు సూర్యావతి. చెప్పబోయేది మా ఆయన భద్రిరాజు గారి గురించి. ఆయన పేరు మోసిన మనిషేమీ కాదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఉన్న చేపల చెరువు తమ్ముడికి అప్పజెప్పేశారు. పొద్దున్నే మీసం దువ్వుకుని, పేపరు చదివి, మధ్యాహ్నం పులుసు లేకపోతే అలిగి, సాయంత్రం తన పాత అంబాసిడర్‌ని తుడుచుకునే మామూలు మనిషి. ఎవరైనా గాలి మాటెత్తారా, ఇంక అంతే, ఆయన్ని పట్టుకోవడం మన తరం కాదు.

దీనికంతటికీ కారణం ఒక పుస్తకం. కాలేజీ లైబ్రరీలో చెదలు పట్టినవి బయట పారేస్తుంటే ఏరి తెచ్చుకున్నారు. జర్మనీలో ఎవరో పెద్ద సొరంగం కట్టి, అందులో చిన్న చిన్న కొయ్య కార్లు పెట్టి, ఫ్యాన్లతో గాలి వదిలి, ఏ ఆకారాన్ని గాలి ఎంత వెనక్కి నెడుతుందో కొలిచిన రిపోర్టు అది. ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. అంచేత రాసినవాడి పేరు మా ఆయనకీ తెలియదు, 'జర్మనీ ఆయన' అంటారు. పెళ్లైన కొత్తలో ఈ జర్మనీ ఆయన మా మావగారి స్నేహితుడేమో అనుకుని, పండక్కి పిలుద్దామా అని కూడా అడిగాను.

అసలు పెళ్లిలోనే తెలుసుకోవలసింది. ఊరేగింపు కారుకి ముందంతా పూలదండలు కట్టారు. పెళ్లికొడుకు స్వయంగా దిగి వాటిని విప్పించి వెనక్కి మార్పించారు. ముందు నున్నగా ఉండాలట, వెనక సన్నగా పోవాలట. బ్యాండు మేళం వాళ్లు ముందు నడుస్తుంటే, ఆ నడక వేగంతో కదిలే కారుకి గాలి ఎక్కణ్నుంచి అడ్డొస్తుంది? మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది. తర్వాత స్కూటరు కొన్నారు. నేను పక్కకి తిరిగి కూర్చుంటే గాలికి అడ్డం అన్నారు. పైట ఎగిరితే అడ్డం అన్నారు. ఆఖరికి వెనక కూర్చుని మాట్లాడినా అడ్డమేనన్నారు. ఆ మూడోది ఏ పుస్తకంలోనూ లేదని నాకు అప్పుడే తెలుసు.

ఇక తోక సంగతి ఒకటుంది. కారు వెనక భాగం చేప తోకలా పొడుగ్గా, సన్నగా సాగితే గాలి మెత్తగా జారిపోతుందని జర్మనీ ఆయన చెప్పాడట. మా ఆయన మేదరవాళ్ల చేత వెదురుబద్దలతో అంబాసిడర్‌కి పెద్ద తోక అల్లించి, దాని మీద టార్పాలిన్ కప్పించారు. నన్ను కూడా ఎక్కించుకుని ట్రయలుకి బయల్దేరారు. కాలవ వంతెన మలుపులో కారు ముందు భాగం తిరిగింది, తోక తిరగలేదు. అటు బస్సు, ఇటు గేదెలు, మధ్యలో మేము. ఊరంతా వచ్చి చూసింది. తోక కోసి ఇంటికి తెచ్చాం. ఇప్పుడు దాంట్లో మా కోళ్లు కాపురముంటున్నాయి. గాలి బాగా ఆడుతోందని మా ఆయనకి దాని మీద ఇప్పటికీ గర్వమే.

ఇలాంటి మనిషికి పుట్టిన కూతురు ఎలా ఉంటుంది? మా సుప్రజకి మాటలు సరిగ్గా రాని వయసులోనే ఆయన కారు కిటికీలోంచి దాని చెయ్యి బయట పెట్టించేవారు.

"అమ్మడూ, అరచెయ్యి పడుకోబెట్టు. ఇప్పుడు వేళ్లు కాస్త పైకెత్తు. చూశావా, గాలి నీ చెయ్యిని ఎలా లేపేసిందో!"

అది కిలకిలా నవ్వేది. ఇంకా, ఇంకా అనేది. చెయ్యి విరుగుతుందేమోనని నేను కేకలేస్తుంటే ఇద్దరూ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసేవారు. పెద్దయ్యాక అది ఇంజనీరింగు చదివి, కాకినాడలో ఎంటెక్‌లో బండ్ల మీద గాలి గురించే తీసుకుంది. ఆ రోజు మా ఆయన వీధిలో అందరికీ పూతరేకులు పంచారు.

ఆ ఎంటెక్కే కొంప ముంచింది. చివర్లో దాని సెమినారుకి మేమిద్దరం వెళ్లాం. ఈయన పట్టు కండువా వేసుకుని మూడో వరసలో కూర్చున్నారు. అది తెర మీద రంగురంగుల బొమ్మలు చూపించింది. లారీ చుట్టూ గాలి ఎర్రగా, పచ్చగా, నీలంగా తిరుగుతోంది. అంతా కంప్యూటరు లెక్కలేనట. నాకు ముక్క అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాను. అప్పుడొక పెద్ద ప్రొఫెసరు గారు అడిగారు.

"పాత ప్రయోగాల జోలికి వెళ్లలేదేమ్మా? వెనకటివాళ్లు చాలా కొలిచారు కదా?"

"అవి మ్యూజియంలో పెట్టుకోడానికి బావుంటాయి సార్," అంది ఇది, నవ్వుతూ. "ఇప్పటి బండ్లకి పనికిరావు."

మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. కాకినాడ వెళ్లి కాజా కూడా కొనకుండా తిరిగొచ్చామంటే ఆయన మనసు ఎంత కష్టపడిందో మీరే అర్థం చేసుకోండి. ఆ రోజు నుంచి 'అమ్మడు' పోయి 'మీ అమ్మాయి' వచ్చింది. అదీ తక్కువ తినలేదు. నేనేం అబద్ధమాడాను, ఉన్నదే చెప్పానంటుంది. మూతి ముడుచుకోవడంలో తండ్రికి ఏ మాత్రం తీసిపోదు.

అప్పట్నుంచీ నా బతుకు చూడండి. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తింటారు. మధ్యలో నేను.

"సూర్యావతీ, గాలికి పాతా కొత్తా ఏంటని మీ అమ్మాయిని అడుగు. తొంభై ఏళ్ల కిందట వీచిన గాలే కదా ఇప్పుడూ వీస్తోంది?"

"అమ్మా, గాలి మారకపోయినా బండ్లు మారాయని చెప్పు. ఆ కొయ్య బొమ్మల చక్రాలు తిరిగేవి కాదని చెప్పు. పక్కగాలి లేదు, బండి కింద గాలి లేదు. వాళ్లు నానా తంటాలు పడి మూడు ఆకారాలు చూస్తే, నేను మధ్యాహ్నం భోజనంలోపు మూడొందలు చూస్తాను."

"మూడు చూసినవాడు మూడింటినీ కళ్లతో చూశాడని చెప్పు. ఒక్కో ప్రయోగానికీ ఒళ్లు హూనమయ్యేది, అంచేత ముందు ఆలోచించి, తర్వాత కొలిచేవాడు. వీళ్లు ముందు మీట నొక్కి, తర్వాత ఆలోచిస్తారు."

"అమ్మా, నాన్నగారికి పులుసు కావాలేమో అడుగు."

"వద్దని చెప్పు. కొంచెం చాలని చెప్పు."

నేను గరిటె పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉంటాను. గాలి ఎటు పోతే నాకెందుకు? నాకు కావలసింది ఒక్కటే. వీళ్లిద్దరూ ఒక్కసారి మొహాలు చూసుకుని, నేరుగా ఒక్క మాట అనుకోవాలి. తిట్టుకున్నా సరే, నాకు సంతోషమే.

చదువయ్యాక సుప్రజకి మా ఊళ్లోనే చంద్రరావు గారి బాడీ వర్క్‌షాపులో ఉద్యోగం దొరికింది. రొయ్యలు ఐసులో పెట్టి తీసుకెళ్లే బండ్లకి వాళ్లు డబ్బాలు కడతారు. ముందు క్యాబిన్ పొట్టిగా, వెనక డబ్బా ఎత్తుగా ఉంటుంది కదా, గాలి వచ్చి ఆ డబ్బా మొహాన కొడుతుందట. అది కొట్టకుండా క్యాబిన్ నెత్తిన వంపు తిరిగిన ఫైబర్ టోపీ ఒకటి పెడితే డీజిల్ కలిసొస్తుందని ఇది కంప్యూటరులో తేల్చింది. చంద్రరావు గారు సరేనని ఒక బండికి టోపీ చేయించారు. తీరా రోడ్డెక్కించి చూస్తే డీజిల్ ఎప్పటిలాగే తాగింది. చుక్క తగ్గలేదు.

"సోమవారం దాకా చూస్తానమ్మా," అన్నారట ఆయన. "అప్పటికీ తేడా రాకపోతే టోపీలు మానేసి మామూలు డబ్బాలే కట్టుకుందాం."

శనివారం మధ్యాహ్నం అది ఇంటికొచ్చి మంచమెక్కింది. బండి కూడా మా ఇంటి ముందే పెట్టించింది, డ్రైవరు ఏసుపాదం అరుగు మీద కూర్చున్నాడు. చేపల పులుసు వద్దంది. మా ఇంట్లో పులుసు వద్దన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. 

మా ఆయన వరండాలో అటూ ఇటూ పచార్లు చేశారు. బండి వైపు చూశారు. లోపలి గది వైపు చూశారు. వాకిట్లోకి చూస్తూ గట్టిగా అన్నారు.

"సూర్యావతీ, కంప్యూటర్ని కాదు, గాలిని అడగాలని చెప్పు. బండి నిండా దారప్పోగులు అంటించి రోడ్డు మీద పరిగెత్తిస్తే, గాలి ఎక్కడ సరిగ్గా పోతోందో, ఎక్కడ తిరగబడుతోందో పోగులే చెబుతాయి. జర్మనీ ఆయన అలాగే చూశాడు."

"దారాలా?" లోపల్నుంచి కేక. "అమ్మా, నా డిజైన్‌కి దారాలు అంటిస్తే వర్క్‌షాపులో నన్ను చూసి నవ్వుతారని చెప్పు!"

అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇంత పెద్దదై, అన్నం మానేసి పడుకుంటుంది గానీ తండ్రి మాట వినదు. ఆయనేమో కూతురి కోసం ప్రాణం కొట్టుకుంటున్నా గోడకి చెబుతారు గానీ దానికి చెప్పరు. పెట్టె తెరిచాను. సుప్రజ కడుపులో ఉన్నప్పుడు స్వెట్టరు అల్లుదామని కొన్న ఊలు ఉంది. ఎర్రది, పసుప్పచ్చది. భీమవరంలో స్వెట్టరు వేసేంత చలి ఎప్పుడొచ్చింది గనక? ఉండలు ఉండల్లాగే ఉన్నాయి. కత్తెర, టేపు తీసుకుని బండి దగ్గరికి వెళ్లాను.

"ఏసుపాదం, నిచ్చెన పట్టుకో."

"ఆయ్. ఎందుకండీ అమ్మగారూ?"

"నాకూ తెలీదు. పట్టుకో."

వేలెడు వేలెడు పోగులు కత్తిరించి టోపీ మీద, క్యాబిన్ పక్కల, డబ్బా గోడల మీద టేపుతో అంటించాం. మా ఆయన వరండాలోంచి కదల్లేదు. పుస్తకం చేత్తో పట్టుకుని, "నున్నగా ఉన్నచోటల్లా వరసగా అంటించాలని ఇక్కడ రాసుంది, నేను చెప్పట్లేదు," అని గొంతు చించుకున్నారు. సాయంత్రానికి బండి ఎర్ర బొచ్చు, పసుప్పచ్చ బొచ్చు మొలిచి నిలబడింది. వీధిలో పిల్లలు వచ్చి ముట్టుకుని పోయారు.

ఆదివారం పొద్దున్నే అది చూసి సుప్రజ నెత్తీ నోరూ బాదుకుంది. ఒక్క పోగు పీకావంటే నా చేతి పులుసు నీకు ఈ జన్మకి లేదన్నాను. పులుసు మాట పనిచేసింది. పక్కనే వెళ్తూ ఫోనులో వీడియో తీస్తాను, అంతకంటే ఏమీ చెయ్యనంది. పక్కన వెళ్లడానికి ఇంకో బండి కావాలి. మా ఇంట్లో ఉన్నది అంబాసిడర్ ఒక్కటే. దాన్ని మా ఆయన ఇంకొకరి చేతికివ్వరు. అలా ఇద్దరూ ఒకే కారు ఎక్కవలసి వచ్చింది. ముందు సీటు బెంచీలా ఒకటే. ఆయన స్టీరింగు దగ్గర, అది ఎడమవైపు కిటికీ దగ్గర, ఇద్దరి మధ్య ఇరుక్కుని నేను.

పెనుగొండ మీదుగా వెళ్లి సిద్ధాంతం దగ్గర హైవే ఎక్కి, అన్నవరం దాకా వెళ్లి రావాలని వాళ్ల ప్లాను. పెనుగొండలో టిఫిను కోసం ఆగాం. మేము ఇడ్లీ తిని వచ్చేసరికి రొయ్యల బండి చుట్టూ ఆడవాళ్లు మూగి ఉన్నారు. ఏసుపాదం టీ గ్లాసు పట్టుకుని బిక్కమొహం వేసుకున్నాడు.

జరిగింది ఇదీ. వాసవీ అమ్మవారి గుడికి వచ్చిన అచ్చాయమ్మ అనే పెద్దావిడ దారాలతో నిండిన బండిని చూసి, ఎక్కడిదాకా బాబూ అని అడిగిందట. అన్నవరం దాకండీ అన్నాడు వీడు. అంతే. సత్యనారాయణస్వామి వారికి మొక్కు బండి వెళ్తోందని క్షణంలో బజారంతా పాకిపోయింది. బండి మీద ఎవరెవరివో అన్ని మొక్కులున్నప్పుడు తమది మాత్రం ఎందుకు వదులుకుంటారు? పూల కొట్టువాడి దగ్గర దారపు ఉండ మొత్తం కొనేసి, పసుపులో ముంచి, తలా ఒకటి కట్టేస్తున్నారు.

దారం కట్టాలంటే ఏదో ఒక పట్టు ఉండాలి కదా. డబ్బా చూస్తే నున్నగా ఉంది. అంచేత టోపీకి ఊతంగా క్యాబిన్ వెనక పెట్టిన ఇనుప ఊచలు దొరికాయి వాళ్లకి. క్యాబిన్‌కీ డబ్బాకీ మధ్య జానెడు సందు ఉంది, ఆ ఊచలు అక్కడే ఉన్నాయి. కొట్టు అరుగు మీద కాలు పెట్టి, బండి మెట్టెక్కి, ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని ఊచల నిండా కట్టేశారు. పొడుగాటి పసుపు దారాలు రెండు పక్కలా గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. డబ్బా తలుపుకి కుంకుమ బొట్లు కూడా పెట్టారు.

"నా టెస్ట్!" అని అరిచింది సుప్రజ. "అమ్మా, ఇవన్నీ విప్పించెయ్!"

"కట్టిన మొక్కు విప్పకూడదమ్మా," అంది అచ్చాయమ్మ, కోపంగా. "మా కోడలు నీళ్లోసుకోవాలని కట్టుకున్నాను. నీకూ మంచి సంబంధం వస్తది, ఇదిగో నువ్వూ ఓటి కట్టు."

"మేము మొక్కుకి వెళ్లట్లేదండీ. ఇది రొయ్యల బండి!"

"రొయ్యలకి మాత్రం దేవుడక్కర్లేదేంటమ్మా?" అని ఒకాయన అడిగాడు. ఆయనకి చెరువు ఉన్నట్టుంది, తనూ ఓ దారం కట్టాడు.

ఏసుపాదం నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "నేను సాయంత్రం ప్రార్థనకి చర్చికి వెళ్లాలండి. ఇన్ని మొక్కులు నా బండి మీదేసుకుని ఎలా వెళ్లనండి?"

మా ఆయన మీసం సవరించుకుంటూ ఆకాశం వైపు చూశారు. "పెద్దవాళ్లు ముచ్చటపడి కట్టారు, ఉండనిమ్మని మీ అమ్మాయికి చెప్పు." అది నా వైపు తిరిగి, "ఇది టెస్టో తీర్థయాత్రో తేల్చుకోమని నాన్నగారికి చెప్పు," అంది. నేను ఇద్దరి మాటా చెప్పలేదు. దారాలు ఉంటాయని చెప్పి కారెక్కాను.

సిద్ధాంతం దాటి హైవే ఎక్కాక అసలు పని మొదలైంది. ఎడమ పక్క వరసలో రొయ్యల బండి, దాని పక్కనే మా అంబాసిడర్. సుప్రజ కిటికీలోంచి ఫోను పెట్టి తీస్తోంది.

"అమ్మా, కొంచెం ముందుకి పోనిమ్మను."

"కొంచెం అంటే ఎంతో అడుగు."

"టోపీ కనపడేంత."

"నాకు ఇక్కణ్నుంచి రోడ్డే కనపడుతోందని చెప్పు."

గోదావరి వంతెన దాటాం, రావులపాలెం దాటాం, రాజమండ్రి కూడా దాటిపోయాం. నా మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి పట్టేసింది. ఊలు పోగులు మాత్రం బుద్ధిగా ఉన్నాయి. టోపీ మీదవి, డబ్బా మీదవి అన్నీ వెనక్కి తిరిగి చక్కగా పడుకున్నాయి, ఒక్కటీ అల్లరి చెయ్యలేదు. దాని కంప్యూటరు చెప్పినట్టే ఉందట. జర్మనీ ఆయన చెప్పినట్టూ ఉందట. పాతా కొత్తా కూడబలుక్కుని అంతా బ్రహ్మాండంగా ఉందంటున్నాయి. డీజిల్ మాత్రం ఎందుకు తగ్గట్లేదో ఇద్దరిలో ఒకళ్లకీ తెలియట్లేదు. సుప్రజ ఫోను ఒళ్లో పెట్టేసుకుంది. కళ్లనిండా నీళ్లు. నాకు ఏం చెప్పాలో తోచక, ఊరికే ఏదో ఒకటి అందామని అన్నాను.

"పాపం అచ్చాయమ్మ దారం ఊడిపోయినట్టుందే. అక్కడ ఒక్కటీ కనపడట్లేదు."

"ఏంటి?" అంది అది.

"పెనుగొండ దారాలు. రెండు పక్కలా అన్ని గుత్తులు వేలాడాయి కదా. ఏవీ?"

నిజమే, ఒక్కటీ లేదు. సుప్రజ కిటికీలోంచి సగం బయటికి వంగింది, నేను దాని నడుం పట్టుకున్నాను. దారాలు ఊడిపోలేదు. మొత్తం దారాలన్నీ క్యాబిన్‌కీ డబ్బాకీ మధ్య ఉన్న సందులోకి దూరిపోయి, లోపల గిలగిలా కొట్టుకుంటున్నాయి. వెనక్కి పోవలసిన గాలి పక్కలనుంచి ఆ సందులోకి దూరి, సుడి తిరిగి, డబ్బా మొహాన్ని బాదుతోందన్నమాట. నా ఊలు పోగులు నున్నటి చోటే అంటించాం కాబట్టి వాటికి ఈ సంగతి తెలియలేదు.

అప్పుడు జరిగింది, నేను చచ్చేదాకా మర్చిపోనిది.

"నాన్నగారండీ, సందు! ఆ సందులోకి పోతోందండీ!"

"ఏదీ, ఏదీ అమ్మడూ!"

అమ్మడూ అన్నారు. నా చెవులారా విన్నాను. ఆయన కారు రోడ్డు పక్కకి తీసి ఆపేశారు. ఇద్దరూ నా మీంచే ఒకళ్ల మీదికొకళ్లు వంగిపోయి ఫోనులో వీడియో చూడటం మొదలుపెట్టారు. ఆయన మోచెయ్యి నా పక్కటెముకల్లో, దాని తల నా గడ్డం కింద. ఊపిరాడలేదు. కదిలితే మధ్యలో నేనున్నానని గుర్తొచ్చి మళ్లీ నాతో చెప్పించుకుంటారేమోనని బిగదీసుకుని కూర్చున్నాను.

"మరి నీ లెక్కలో ఈ సందు ఎందుకు రాలేదే?"

"నేనే పూడ్చేశానండీ. జానెడే కదా, అది తీసేస్తే లెక్క త్వరగా తేలుతుందని బొమ్మలో మూసేశాను. మరి మీ జర్మనీ ఆయన పుస్తకంలో లేదా అండీ?"

మా ఆయన మీసం కొరికారు.

"ఉంది. కొయ్య బొమ్మల్లో సందులన్నీ మైనం పెట్టి పూడ్చామని ఒక మూల చిన్న అక్షరాల్లో రాశాడు. ఇన్నేళ్లుగా చదువుతున్నా ఆ వాక్యం మీంచి దాటిపోయాను."

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లు మైనంతో పూడ్చారు, ఇది మీటతో పూడ్చింది. ముందు ఆయన నవ్వారు. తర్వాత అది నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. నేను కూడా తుడుచుకున్నాను, నాది పక్కటెముకల నొప్పి అని చెప్పాను గానీ కాదు.

తర్వాత ముందుకెళ్లిపోయిన ఏసుపాదానికి ఫోను చేసి బండి ఆపించి, డబ్బాలో ఉన్న టార్పాలిన్ తీసి, సందుకి రెండు పక్కలా బిగించి కట్టారు. ఎలా కట్టాలో మళ్లీ గొడవ. ఈ మధ్య ఎవరో రాసిన పరిశోధన పేపర్లో ఇలాగే రబ్బరు రెక్కలు పెట్టారని అది, రెక్కలు లోపలికి వాలాలని ఆయన. రోడ్డు పక్కన నిలబడి ఒకళ్లనొకళ్లు అరుచుకున్నారు, మధ్యలో ఎవరూ లేకుండా. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అన్నవరం వెళ్లాక మొక్కుల సంగతి మిగిలింది. రొయ్యల వాసన బండిని కొండ మీదికి తీసుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు. దారాలు జాగ్రత్తగా విప్పాం. ఏ దారం ఏ ఊచకి ఉందో సుప్రజ ఫొటోలు తీసుకుంది. మా ఆయన తన పట్టు కండువాలో మూటకట్టుకున్నారు. కాకినాడలో మూడో వరసలో వేసుకున్న కండువా అదే. వ్రతానికి కూర్చున్నప్పుడు పంతులు గారు ఎవరి పేరు మీదని అడిగితే, ఈయన ఆ మూట ముందు పెట్టి, "పెనుగొండవాళ్లందరి పేరు మీదానండి, అచ్చాయమ్మగారి కోడలిది ముందు," అన్నారు. ఏసుపాదం కొండ కింద బండి దగ్గరే ఉన్నాడు. ప్రసాదం ఆకు పొట్లం తెచ్చిస్తే మాత్రం కాదనకుండా రెండు తిన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ట్యాంకు నింపి చూశారు. డీజిల్ తగ్గింది. సోమవారం చంద్రరావు గారు టార్పాలిన్ బదులు రబ్బరు రెక్కలు పెట్టించి, వరసగా బండ్లన్నిటికీ టోపీలు చెయ్యమన్నారు. బొట్లు పెట్టిన ఆ మొదటి బండిని చెరువుల వాళ్లు కావాలని అడిగి మరీ తీసుకెళ్తున్నారట.

ఇప్పుడు సుప్రజ ఈ సంగతంతా పేపరుగా రాస్తోంది. ఎవరెవరి పని చూసి నేర్చుకున్నామో చివర్లో రాయాలట. మొదట జర్మనీ ఆయన్ని పెట్టింది. అట్టలేని పుస్తకానికి పేరేం రాయాలని రెండు రోజులు గొడవ పడ్డారు. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇంకోటి మొదలైంది. అచ్చాయమ్మ దారాలని పాత పద్ధతి కింద రాయాలా, కొత్త పద్ధతి కింద రాయాలా అని. దారం పాతది అంటారీయన. సందులో కట్టడం ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు, కొత్తదే అంటుంది అది. గొంతులు పెరిగాయి. ఈయన అలవాటు కొద్దీ నా వైపు తిరిగారు.

"సూర్యావతీ, మీ అమ్మాయికి చెప్పు..."

"నేను చెప్పను," అన్నాను, పులుసు గిన్నె ఇద్దరి మధ్యా పెట్టేసి. "మీ అమ్మడు ఎదురుగానే ఉంది. మీరే చెప్పుకోండి."